గుర్రం తన్నినప్పుడు వినకూడని సలహాలు

“నాలుగు తగిలించు, మళ్లీ కాలెత్తదు.”

గుర్రం తాపు తన్నిన చోట అందరికన్నా ముందు వినపడే సలహా ఇది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు అద్దెకిచ్చేవాళ్లు ఇదే అంటారు. విశాఖ బీచిలో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాళ్లూ ఇదే అంటారు. రైడింగ్ స్కూళ్లలో కాస్త మెత్తటి మాటల్లో చెబుతారు, అంతే తేడా. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కారు. గుర్రం మీదే బతుకు వెళ్లదీస్తూ, దాని దాణా కోసం తమ ఖర్చు తగ్గించుకునేవాళ్లు కూడా ఈ మాట నమ్ముతారు. తాతలు చెప్పారు, తండ్రులు చేశారు, వీళ్లూ చేస్తున్నారు. అయినా ఇది తప్పు సలహానే. దీనివల్ల గుర్రం మారదు, మనుషుల ఎముకలు విరగడమూ ఆగదు. ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చేయాలో చెబుతాను.

కొట్టడం సంగతి ముందు చూద్దాం. గుర్రం తన్నింది. మీరు తేరుకుని, చర్నాకోల వెతుక్కుని, తిరిగొచ్చి కొట్టేసరికి ఎంత లేదన్నా అర నిమిషం గడిచిపోతుంది. తాను చేసిన పనికీ, దాని ఫలితానికీ గుర్రం లంకె పెట్టుకునే వ్యవధి ఒకటి రెండు క్షణాలు మాత్రమే. అర నిమిషం తర్వాత పడే దెబ్బ తన్నినందుకని దానికి తెలిసే దారి లేదు. ఆ క్షణంలో అదేం చేస్తోంది? కదలకుండా నిలబడి మీరు రావడం చూస్తోంది. కాబట్టి మనిషి దగ్గరికొస్తే నొప్పి వస్తుందన్న సంగతే నేర్చుకుంటుంది. భయంతో తన్నిన గుర్రమైతే దాని భయం నిజమేనని మీరే రుజువు చేసినట్టు. రేపు ఇంకాస్త ముందుగానే తంతుంది. గుర్రం దగ్గరికి కోపంతో వెళ్లవద్దని క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనోఫోన్ తన గుర్రపుస్వారీ పుస్తకంలో రాశాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మనం చర్నాకోల దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా ఇంకోటుంది. “చెవులు వెనక్కి పెట్టిందంటే పొగరు. అప్పుడే ఒకటి వెయ్యి.” గుర్రం ఉన్నట్టుండి తన్నడం చాలా అరుదు. ముందు చెవులు మెడకు అంటుకునేలా వాలతాయి. మూతి బిగుస్తుంది, ముక్కుపుటాలు ముడుచుకుంటాయి. తోక విసురుగా కొట్టుకుంటుంది. పిరుదులు మీ వైపు తిరుగుతాయి. బరువంతా ఒక కాలి మీదికి మారి, రెండో కాలు నేల నుంచి కొద్దిగా లేస్తుంది. ఇంత చెప్పినా మనిషి వినకపోతేనే తాపు. (చెవులు వెనక్కి తిరిగిన ప్రతిసారీ కోపమని కూడా అనుకోవద్దు. వెనక నుంచి వచ్చే చప్పుడు వినడానికి కూడా తిప్పుతుంది. వినేటప్పుడు చెవులు వదులుగా ఉంటాయి, కోపంలో బిగుసుకుని మెడకు అతుక్కుపోతాయి.) ఈ హెచ్చరికలు చూపించినప్పుడల్లా కొడితే గుర్రం హెచ్చరించడం మానేస్తుంది. లోపలున్న భయమో నొప్పో మాత్రం ఎక్కడికీ పోదు. చెవి వాల్చకుండా, తోక ఆడించకుండా ఒక్కసారిగా తన్నే గుర్రాన్ని అందరూ నమ్మదగని జంతువు అంటారు. చాలాసార్లు అలా తయారుచేసింది మనుషులే. చెవులు వాల్చగానే మీరు చేయాల్సింది ఆగడం, అది దేన్ని చూసి అలా చేసిందో వెతకడం.

“భయపడకుండా నేరుగా వెళ్లు, నువ్వు జంకితే అది పసిగడుతుంది” అనే మాటలో సగం నిజముంది. గుర్రం మనిషి ఒంటిని చదువుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందని పేరు మోసిన హాన్స్ అనే గుర్రం ఉండేది. డెక్కతో నేల మీద కొట్టి జవాబులు చెప్పేది. 1907లో ఓస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దాని గుట్టు కనిపెట్టాడు. సరైన అంకె రాగానే ఎదురుగా ఉన్న మనిషి తల, ముఖం తెలియకుండానే రవంత కదిలేవి. ఆ మనిషికే తెలియని ఆ కదలికను చూసి హాన్స్ కొట్టడం ఆపేసేది. అంతటి చూపున్న జంతువు దగ్గర భుజాలు బిగించుకుని ధైర్యం నటిస్తే దానికి కనిపించేది ఆ బిగువే. జంకుతున్నారా, కాసేపు దూరంగా నిలబడి ఊపిరి కుదుటపడ్డాకే దగ్గరికి వెళ్లండి.

పూర్తిగా తప్పు “నేరుగా” అన్న ముక్క. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. మిగిలిన ఆ సన్నని పట్టీ సరిగ్గా తోక వెనక ఉంటుంది. నుదుటికి ఎదురుగా, ముక్కు కింద కూడా కాస్త చోటు దానికి కనిపించదు. తోక వెనక నుంచి చప్పుడు చేయకుండా వచ్చినది మనిషైనా చిరుతైనా దానికి ఒకటే. భుజం వైపు నుంచి, ఏటవాలుగా, పేరు పెట్టి పిలుస్తూ వెళ్లండి. ముందు భుజం మీద చెయ్యి వేయండి. చెయ్యి తీయకుండా వీపు మీదుగా నడుము దాకా జరపండి.

బండికి అయిదు మూరలు, గుర్రానికి పది మూరలు దూరముండమని చాణక్యుడి పేరు మీద చెప్పుకునే నీతి ఒకటుంది. పది మూరలంటే సుమారు పదిహేను అడుగులు. దారిన పోయేవాడికి అది మంచి మాటే. మాలీసు చేసేవాడు, లాడాలు కొట్టేవాడు మాత్రం పదిహేను అడుగుల దూరంలో ఉండి పని చేయలేరు. అలాంటివాళ్లకు “కాస్త ఎడంగా నిలబడు” అని చెబుతుంటారు. ప్రాణం తీసే సలహా అది. కాలు పూర్తిగా చాచుకున్న చోట తాపు జోరు అన్నిటికన్నా ఎక్కువ. ఆ చోటు మూడు నాలుగు అడుగుల ఎడంలోనే ఉంటుంది. పని చేయాలంటే ఒంటికి ఒళ్లు ఆనేంత దగ్గరగా, పక్కగా నిలబడాలి. అప్పుడు తన్నినా అది తోపుగానే తగులుతుంది, కాలు విసిరే ముందు కండ బిగుసుకోవడం కూడా మీ చేతికి తెలుస్తుంది. పని లేకపోతే పన్నెండు పదిహేను అడుగుల అవతల ఉండాలి. ఈ రెంటికీ మధ్యన మాత్రం నిలబడకూడదు. పక్కన ఉన్నాం కదా అని ధీమా కూడా వద్దు. గుర్రం వెనక కాలిని ముందుకు తెచ్చి ఆవులాగా పక్కకు కూడా తన్నగలదు. ముంగాలితోనూ కొట్టగలదు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే సలహా: “కడుపు తన్నుకుంటోందా? జోరీగలయ్యుంటాయి. కాకపోతే కాస్త నూనె పట్టించు.”

వానాకాలంలో జోరీగలు పొట్ట కింద కుడితే గుర్రం కాలు విదిలించడం మామూలే. ఈగ లేచిపోగానే మళ్లీ గడ్డి తింటుంది. అలా కాకుండా ఈగ లేని చోట కూడా వెనక కాలితో పొట్టను తన్నుకుంటుంటే, మాటిమాటికీ తల తిప్పి డొక్క వైపు చూసుకుంటుంటే, ముంగాలితో నేల గోకుతుంటే, పడుకుని లేచి మళ్లీ పడుకుని దొర్లుతుంటే, చెమటలు పడుతుంటే, పేడ వేయకపోతే, దాణా ముట్టకపోతే అది కడుపునొప్పి. కోలిక్ అంటారు. గుర్రాలను చంపే జబ్బుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని అన్నవాహిక జీర్ణాశయంలోకి చేరే చోట కండరం అంత గట్టిగా మూసుకుని ఉంటుంది. లోపల గాలి, ద్రవం నిండిపోతే పైకి వచ్చే దారి ఉండదు, చివరికి జీర్ణాశయమే చిట్లిపోవచ్చు.

అలాంటి సమయంలో ఆవుకు పట్టించినట్టు తల పైకెత్తి, వెదురు గొట్టంతోనో సీసాతోనో నూనె పోస్తారు. నొప్పితో గింజుకుంటున్న గుర్రం సరిగా మింగదు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపునొప్పి నుంచి బతికి బయటపడాల్సిన గుర్రం కొన్ని రోజుల తర్వాత న్యుమోనియాతో చచ్చిపోవచ్చు. పశువైద్యుడు ముక్కులోంచి జీర్ణాశయం దాకా గొట్టం వేసి ముందు లోపల పేరుకున్నది బయటికి తీస్తాడు. నూనె అవసరమైతే ఆ గొట్టం గుండానే ఇస్తాడు. ఆ పని ఇంట్లో ఎవరూ చేయకూడదు.

మీరు చేయగలిగినవి వేరే ఉన్నాయి. ముందున్న దాణా తీసేయండి. దవడ ఎముక కింది అంచున వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. 60 దాటిందంటే పరిస్థితి తీవ్రమని అర్థం. డొక్కకు చెవి ఆనించి పేగుల గుడగుడ వినిపిస్తోందో లేదో చూడండి. ఈ రెండు సంగతులూ ఫోన్లోనే వైద్యుడికి చెప్పండి, ఆయనకు చాలా పనికొస్తాయి. ఊరికి దూరంగా ఉంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అడగండి. వైద్యుడు వచ్చేలోపు గుర్రం విసురుగా దొర్లుతుంటే కాసేపు నెమ్మదిగా నడిపించవచ్చు. గంటల తరబడి నడిపించి సొమ్మసిల్లేలా మాత్రం చేయకండి. పొట్ట తన్నుకుంటోందని కొట్టిన గుర్రాలు ఉన్నాయి. వాటి సంగతి తలుచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది.

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న గుర్రం హఠాత్తుగా తన్నడం మొదలుపెడితే, ఇంకో కారణం తేలేదాకా నొప్పే కారణమనుకోండి. జీను వేసేటప్పుడు తన్నే గుర్రం గురించి “నఖరాలు చేస్తోంది, పట్టీ గట్టిగా లాగి బిగించెయ్” అనే మాట వినగానే నేను ముందు వీపు చూడమంటాను. పాడేరు, చింతపల్లి వైపు కొండ గూడేల్లో గుర్రాలు సంతకు సరుకులు మోస్తాయి. సరిగా సర్దని మూట ఒకే చోట ఒరుసుకుని పుండు చేస్తుంది. పైకి పుండు కనపడకపోయినా లోపల నొప్పి ఉంటే, నొక్కగానే గుర్రం వీపు కుంగదీస్తుంది. బరువులు మోసే జంతువుల గురించి 1965లో కేంద్రం చేసిన నియమాలు పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి మోయించవద్దంటాయి. ముళ్లున్న కళ్లేలనూ ఆ నియమాలే నిషేధించాయి.

పందెపు గుర్రాలదీ, రోజంతా కట్టేసి ఉంచే స్వారీ గుర్రాలదీ ఇంకో బాధ. గుర్రం జీర్ణాశయంలో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. పచ్చిక బయల్లో వదిలితే రోజులో పదహారు గంటల దాకా మేస్తూ ఉండే జంతువును పూటకోసారి ఉలవలు, గింజలు పెట్టి మిగతా సమయమంతా ఖాళీ కడుపుతో నిలబెడితే లోపల పుండ్లు పడతాయి. పరుగు శిక్షణలో ఉన్న గుర్రాల్లో ఎక్కువ భాగానికి ఈ పుండ్లు ఉన్నాయని పరిశోధనలు పదే పదే చెప్పాయి. ఆ కడుపు చుట్టూ పట్టీ బిగిస్తే తన్నదా మరి? గడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. పట్టీని ఒక్కసారే లాగకుండా, ఒక రంధ్రం బిగించి నాలుగడుగులు నడిపించి, ఇంకో రంధ్రం బిగించండి. లాడం, పళ్లు, చూపు పరీక్ష చేయించండి. ఒక పక్క చూపు తగ్గిన గుర్రం ఆ పక్కన ఏం కదిలినా ఉలిక్కిపడి తంతుంది. ఆడగుర్రం ఎన్నడూ లేనిది అందరి మీదికీ వస్తుంటే అండాశయంలో గడ్డ ఉందేమో కూడా వైద్యుడు చూడాలి. 2014లో పరిశోధకులు గుర్రం ముఖంలో నొప్పిని గుర్తుపట్టే కొలమానం తయారుచేశారు. బిర్రుగా వెనక్కి తిరిగిన చెవులు, సగం మూసుకున్న కళ్లు, కంటి పైన ఉబ్బెత్తుగా కనిపించే ఎముక, బిగుసుకున్న దవడ, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, సాగదీసినట్టున్న ముక్కుపుటాలు. మీ గుర్రం బాగున్న రోజున ముఖం ఫోటో తీసి దాచుకోండి, తేడా వచ్చిన రోజున పోల్చి చూసుకోవచ్చు.

సుడుల మాట ఎత్తకుండా ఉండలేను. “ఫలానా చోట సుడి ఉంది, ఇది తన్నే జాతి, అమ్మేయండి.” సుడి వెంట్రుకల తిరుగుడు మాత్రమే. ఆ మాట నమ్మి అమ్మేసిన గుర్రం వీపు పుండుతో, చెడు పేరుతో ఇంకో యజమాని చేతికి పోతుంది.

నొప్పి లేదని తేలాక, నేర్చుకున్న అలవాటును మాన్పించే పని మిగులుతుంది. ఇక్కడ ఎక్కువగా వినపడే సలహా “కాలెత్తనివ్వకపోతే కట్టేసి ఎత్తు”. కట్టేసిన కాలితో గింజుకుని పడిపోయిన గుర్రం తనకూ, పట్టుకున్నవాడికీ దెబ్బ తగిలిస్తుంది. ఇంకో రకం వాళ్లు “విదిలిస్తే వదిలెయ్” అంటారు. వీళ్లు తెలియకుండానే గుర్రానికి పాఠం చెబుతున్నారు. విదిలించింది, చెయ్యి పోయింది, ఉపాయం పారింది.

నాకు తెలిసిన మేలైన దారి ఇది. పొడవాటి కర్ర చివర పాత చేతితొడుగులో గుడ్డలు కుక్కి కట్టండి. తల పట్టుకున్న మనిషి, మీరు ఇద్దరూ ఒకే పక్కన ఉండాలి. తాపు అందని చోట నిలబడి ఆ తొడుగుతో ముందు నడుము, తర్వాత తొడ, తర్వాత మోకాలు నిమరండి. తన్నితే తన్ననివ్వండి. కొట్టకండి, తొడుగు తీయకండి. అది కాలు దించి కదలకుండా నిలబడ్డ మరుక్షణం తొడుగు తీసేసి, భుజం గోకండి. తన్నితే పోనిది, నిలబడితే పోయింది. కొన్ని రోజుల్లో గుర్రం ఈ లెక్క పట్టుకుంటుంది. తర్వాత చెయ్యి, తర్వాత కాలు ఒక్క క్షణం ఎత్తి దించడం. అది లాక్కోకముందే మీరే దించాలి. తల పట్టుకున్న మనిషికి ఒక సంగతి తప్పకుండా చెప్పండి: గుర్రం మీద పడేలా ఉంటే తలను తమ వైపు లాగాలి. తల ఇటు తిరిగితే పిరుదులు అటు జరుగుతాయి. కంగారులో చాలామంది తలను అవతలికి నెట్టి, వెనక కాళ్లను పనివాడి మీదికే తిప్పుతారు.

భయం, నొప్పి ఏమీ లేకుండా దాణా దగ్గర మనిషిని తరిమే గుర్రం కూడా ఉంటుంది. దాన్ని వదిలేయమని నేననను. కాలెత్తిన ఆ క్షణంలోనే గట్టిగా ఒక అరుపు అరిచి, నాలుగడుగులు వెనక్కి నడిపించి, వెంటనే మామూలుగా అయిపోవాలి. ఒక క్షణం ఆలస్యమైతే మానుకోండి, మళ్లీ అవకాశం వస్తుంది. శాల తలుపు తన్నే గుర్రానికి “దాణా పడెయ్, ఊరుకుంటుంది” అని పెట్టేవాళ్లు ఆ తన్నుకు జీతం ఇస్తున్నట్టే. మానిపించబోతే మొదటి రోజుల్లో ఇంకా ఎక్కువ తంతుంది, అక్కడే అందరూ ఓడిపోతారు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడే పెట్టండి. తలుపుకు రబ్బరు చాప కొట్టించండి, లేకపోతే వెనక కాలి మడమ దగ్గర వాపు వస్తుంది. పక్క గుర్రం కనపడేలా కట్టేయండి. ఒంటరిగా కట్టేస్తే బుద్ధొస్తుందనేది మందలో బతకడానికి పుట్టిన జంతువు విషయంలో శుద్ధ పొరపాటు. “పిల్లే కదా” అని గుర్రపు పిల్లతో వెనక కాళ్ల ఆటలు ఆడించడం కూడా మానండి. ఇవాళ ముద్దుగా తన్నేది రేపు నాలుగొందల కిలోలు తూగుతుంది.

ఊరేగింపుల దగ్గర చెప్పేది “చప్పుడుకి అదే అలవాటు పడుతుందిలే.” పడదు. మనిషి చెవికి అందని హెచ్చు స్థాయి ధ్వనులు కూడా గుర్రానికి వినపడతాయి. డీజే బండి పక్కన, టపాసుల మధ్య కదలకుండా నిలబడిందంటే అలవాటు పడిందని కాదు, తప్పించుకునే దారి లేక బిగుసుకుపోయి ఉండొచ్చు. అలవాటు చేయాలంటే ఇంటి దగ్గర, దూరం నుంచి, చిన్న చప్పుడుతో మొదలుపెట్టి, గడ్డి తింటూ ఉండగా రోజులకు రోజులు కొద్దికొద్దిగా పెంచాలి. పెళ్లివారికి నా విన్నపం ఒకటుంది. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడే దాని దగ్గర్లో బాణసంచా కాల్చబోమని ఒప్పుకోండి. గుర్రాన్ని నడిపించే సాయీసు తల దగ్గర ఉంటాడు, వెనక ఏం జరుగుతోందో అతనికి కనపడదు. బ్రిటన్‌లో తన్నే గుర్రం తోకకు ఎర్ర రిబ్బను కడతారు, చూసినవాళ్లు దూరం జరుగుతారు. మన ఊరేగింపులో అది అలంకారమనుకుని ఫోటో కోసం ఇంకా దగ్గరికొస్తారు. అందుకని మీ మనిషినే ఒకరిని వెనక వైపు పెట్టండి. పిల్లల్ని, ఫోన్లు పట్టుకున్నవాళ్లను పదిహేను అడుగులు దూరం ఉంచడమే ఆ రాత్రంతా ఆ మనిషి పని.

చివరిది తన్ను తిన్న మనిషికి చెప్పే సలహా. “పైకి దెబ్బేం లేదు, పసుపు రాసి పడుకో.” పొట్ట మీద తగిలిన తాపుకు చర్మం మీద గీత కూడా పడకుండానే లోపల కాలేయమో ప్లీహమో చిట్లి నెత్తురు కారుతూ ఉండొచ్చు. మొదటి గంట మామూలుగానే మాట్లాడతారు. పొట్టకో, ఛాతీకో, తలకో తగిలితే నొప్పి లేకపోయినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లి స్కానింగ్ చేయించండి, గుర్రం తన్నిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. చర్మం చిట్లితే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. గుర్రపు పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి, శాల మట్టిలోనూ ఉంటాయి. గుర్రాలతో పనిచేసే ప్రతి ఒక్కరూ, శాల ఊడ్చే పిల్లాడితో సహా, ఆ టీకాలు దెబ్బ తగలకముందే పూర్తిగా వేయించుకుని ఉండాలి. గుర్రానికి కూడా ఏటా వేయించండి, ఈ జబ్బు దాన్ని మనకన్నా తొందరగా పట్టుకుంటుంది.